ఒకటో తరగతి పిల్లలతో తపస్సు కాలం ఎలా గడపాలి

జనవరి నెలాఖరు వచ్చిందంటే చాలు, మా చిత్తూరు చుట్టుపక్కల బడుల్లో కొత్తగా చేరిన టీచర్లు, సిస్టర్లు, ఆదివారం సత్యోపదేశం చెప్పే అమ్మాయిలు నన్ను ఒకే మాట అడుగుతారు: “తపస్సు కాలం వస్తోంది, ఒకటో తరగతి పిల్లలతో ఏమి చేయించాలి?” (తపస్సు కాలం అంటే ఈస్టర్ పండుగకు ముందు ప్రార్థన, ఉపవాసం, దానధర్మాలతో గడిపే నలభై రోజులు.) ఆ వెంటనే ఇంకో ప్రశ్న: “వాళ్లు ఉపవాసం ఉండాలా?”

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఉండకూడదు. కతోలిక శ్రీసభ (చర్చి) నియమం ప్రకారం ఉపవాసం 18 ఏళ్లు నిండినప్పటి నుండి 59 ఏళ్లు నిండేవరకు. మాంసం మానే నియమం 14 ఏళ్లు నిండాకే వర్తిస్తుంది. ఆరేళ్ల బిడ్డకు ఈ రెండూ లేవు. మార్చి ఎండలో ఖాళీ కడుపుతో బడికి వచ్చిన పిల్లలు ప్రార్థన వరుసలోనే కళ్లు తిరిగి పడిపోతారు. ఎవరైనా “నేను పొద్దున ఏమీ తినలేదు టీచర్” అని గొప్పగా చెబితే మెచ్చుకోకండి. ముందు ఏదైనా తినిపించండి, తర్వాత ఇంటికి కబురు పంపండి.

ఇక మొదటి ప్రశ్న. ప్రార్థన, ఉపవాసం, దానధర్మం అనే మూడు మాటలను బోర్డు మీద రాసి వివరిస్తే ఆ వయసు వాళ్లకు ఏమీ అందదు. ఆ మూడింటినీ చేతితో చేసే పనులుగా మార్చాలి. ఏ పనికీ మార్కులు, నక్షత్రాలు పెట్టకూడదు. కింద రాసిన పనులన్నీ ఈ రెండు సంగతులను పట్టుకునే నడుస్తాయి.

కావలసినవి

- ఒక పెద్ద చార్టు, ఊదా రంగు క్రేయాన్లు. తపస్సు కాలంలో గురువులు (ఫాదర్లు) ధరించే పూజా వస్త్రాల రంగు ఊదా.
- లోపల ఉన్నవి బయటికి కనిపించే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి. గాజుది వద్దు.
- కిలో చింతగింజలు. కొనవలసిన పని లేదు. ఈ రోజుల్లో మన పల్లెల్లో ఇంటింటా చింతపండు కొట్టి గింజ తీస్తుంటారు, అడిగితే సంచి నింపి ఇస్తారు.
- బియ్యానికి గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా, దాని మీద కప్పడానికి గుడ్డ.
- పాత నూలు పంచె నుండి చేతిరుమాలంత ముక్కలు, పిల్లవాడికి ఒకటి చొప్పున.
- కొబ్బరి చిప్పలు, విత్తనానికి ఉంచిన వేరుశనగకాయలు.
- పక్షులకు నీళ్లు పెట్టడానికి మట్టి మూకుళ్లు రెండు. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర గురువారానికి బకెట్లు, చెంబు, తువ్వాళ్లు.

1. ముందుగా తేదీలు రాసుకోండి

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం 2026లో ఫిబ్రవరి 18న, ఈస్టర్ ఏప్రిల్ 5న. విభూది బుధవారం నుండి ఈస్టర్ ముందు రోజైన పవిత్ర శనివారం వరకు లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. ఆరు ఆదివారాలు తీసేస్తే 40. పిల్లలు లెక్కపెట్టి అడుగుతారు కాబట్టి ఈ జవాబు మీ దగ్గర ఉండాలి. ఉగాది, శ్రీరామనవమి సెలవులు చాలాసార్లు ఈ రోజుల్లోనే పడతాయి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. అందుకని రోజుకు పది నిమిషాలకు మించి పట్టే పని ఏదీ పెట్టుకోకండి.

2. తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి

దీన్ని దాటవేయకండి. మన కతోలిక బడుల్లో హిందూ, ముస్లిం కుటుంబాల పిల్లలు చాలామంది ఉంటారు. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో, పెద్దల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధనకు, ఆరాధనకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగంలోని 28(3) అధికరణం చెబుతోంది. చట్టం అలా ఉంచండి, బిడ్డను నమ్మి మన చేతిలో పెట్టినవాళ్లకు ముందుగా చెప్పడం మన మర్యాద. డైరీలో ఇలా రాసి పంపండి:

“ఫలానా తేదీ నుండి ఈస్టర్ వరకు తరగతిలో తపస్సు కాలపు కార్యక్రమాలు ఉంటాయి. మంచి పనుల డబ్బా, పిడికెడు బియ్యం, మొక్క పెంచడం పిల్లలందరికీ. విభూది, ప్రార్థన, సిలువ మార్గం మాత్రం మీరు ఒప్పుకుంటేనే. మీ బిడ్డ వీటిలో పాల్గొనవచ్చా? అవును / వద్దు. సంతకం.”

“వద్దు” అని వచ్చిన పిల్లలను ఆ సమయంలో వరండాలో ఊరికే నిలబెట్టకండి. పక్షుల మూకుడులో నీళ్లు పోయడం, మొక్కలకు తడి చూడడం వాళ్లకు అప్పగించండి. ఆ పని ఎంత గౌరవంగా అప్పగిస్తే మిగతా పిల్లలు దానికి అంత ఎగబడతారు.

3. విభూది బుధవారానికి ముందు రోజు: అల్లెలూయను దాచడం

తపస్సు కాలమంతా పూజలో అల్లెలూయ (‘దేవుని స్తుతించండి’ అని అర్థం) పాడరు. ఈస్టర్ జాగరణలో మళ్లీ పాడతారు. మంగళవారం నాడు ఒక పొడవాటి కాగితం మీద ఆ మాటను పెద్ద అక్షరాలతో గీసి ఇవ్వండి. “ల్లె” రాయడం ఒకటో తరగతి వాళ్లకు ఇంకా కష్టం కాబట్టి రంగులు మాత్రం వాళ్లను వేయనివ్వండి. చుట్టి, దారం కట్టి, పెట్టెలో పెట్టి బీరువాలో దాచండి. ఎక్కడ దాచారో మీరు మరచిపోకుండా రాసుకోండి.

4. విభూది బుధవారం

కిందటి ఏడాది మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నాడు ఆశీర్వదించిన మట్టలను కాల్చిన బూడిద ఇది. మన ఊళ్లలో పిల్లలకు విభూది కొత్త కాదు. “మా తాతయ్య రోజూ పెట్టుకుంటారు” అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. దాన్ని తుంచేయకండి. “తాతయ్య పెట్టుకునేదానికి మీ ఇంట్లో ఒక అర్థం ఉంది, గుడిలో ఫాదర్ పెట్టేదానికి ఇంకో అర్థం ఉంది” అని చెప్పి, మన అర్థం ఒక్క వాక్యంలో చెప్పండి: ఇక మీదట బాగుంటానని దేవునికి మాట ఇస్తున్నాం.

విభూది పెట్టేటప్పుడు గురువులు రెండు వాక్యాల్లో ఏదైనా అనవచ్చు. ఒకటి, మనిషి మట్టి నుండి వచ్చి మట్టికే చేరతాడని గుర్తుచేసేది. రెండోది, హృదయం మార్చుకుని సువార్తను నమ్మమనేది. చిన్న పిల్లల వరుసకు రెండోదే అనమని ఫాదర్‌గారిని ముందు రోజే అడగండి. మొదటిది విని ఆ రాత్రి అమ్మను పట్టుకుని “నేను చచ్చిపోతానా” అని ఏడ్చిన పిల్లవాడు నా తరగతిలో ఉండేవాడు.

జాగ్రత్త: బూడిదలో నీళ్లు కలిపి ముద్ద చేయకండి. బూడిదకు నీరు తగిలితే క్షారం ఏర్పడి లేత చర్మం మండుతుంది. పొడిగానే పెట్టాలి, లేదా ఒక చుక్క నూనె కలపాలి. కళ్లలో పడుతుందని భయముంటే నడినెత్తిన చల్లవచ్చు, కొన్ని దేశాల్లో అదే పద్ధతి.

5. దారి పటం

చార్టు మీద మెలికలు తిరిగే బాట ఒకటి గీసి, 40 రాళ్లు వేయండి. చివర ఖాళీ సమాధి. రోజుకు ఒక రాయికి ఊదా రంగు. సెలవుల తర్వాత వచ్చిన రోజు మిగిలిపోయిన రాళ్లన్నీ కలిపి వేయించండి. ఇంతకంటే దీనికి వివరం అక్కర్లేదు.

6. మంచి పనుల డబ్బా

నలభై రోజుల పనికి ప్రాణం ఇదే. అందరూ పాడు చేసుకునేదీ దీన్నే, నేనూ పాడు చేసుకున్నాను. మొదటి ఏడాది గోడ మీద పిల్లల పేర్లు రాసి, మంచి పని చేసిన వాళ్లకు నక్షత్రం అతికించాను. మూడో వారానికల్లా ఒక పిల్లవాడు పక్కవాడి పెన్సిల్‌ను మోచేతితో నెట్టి కింద పడేసి, వంగి తీసి ఇచ్చి, “టీచర్, నక్షత్రం” అని చేయి చాపాడు. తప్పు వాడిది కాదు, గోడ మీది పట్టికది. ఆ సాయంత్రమే దాన్ని తీసేశాను. విభూది బుధవారం నాడు చదివే మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు చెప్పింది కూడా ఇదే కదా, కుడి చేయి చేసేది ఎడమ చేతికి తెలియకూడదని.

ఇప్పుడు ఇలా చేస్తాను:

- ఇంటి గంటకు ఐదు నిమిషాల ముందు అందరూ కళ్లు మూసుకుంటారు. “ఈరోజు ఎవరికైనా మేలు చేశావా? మనసులో అనుకో.” అర నిమిషం మౌనం. అదే వాళ్ల ప్రార్థన.
- చేశాననుకున్న వాళ్లు వరుసలో వచ్చి, నా చేతిలోని గిన్నె నుండి ఒక చింతగింజ తీసుకుని డబ్బాలో వేస్తారు. ఏమి చేశారో నేను అడగను, వాళ్లూ చెప్పరు.
- రోజుకు ఒక్కటే గింజ. పది పనులు చేసినా ఒక్కటే.
- వేయని వాళ్లను “నువ్వెందుకు వేయలేదు” అని అడగను. ఈ మాట తోటి టీచర్లకూ చెప్పి ఉంచండి.

“అబద్ధం చెప్పి వేస్తే?” అని అడుగుతారు. వేయనివ్వండి. ఎవరూ చూడని చోట అబద్ధం ఎక్కువ కాలం నిలవదు. రెండో వారంలో ఒక అమ్మాయి గింజ తీసుకుని, డబ్బా దగ్గర ఆగి, మళ్లీ గిన్నెలో వేసేసి వెళ్లిపోయింది. నేను చూడనట్టు ఉండిపోయాను.

జాగ్రత్త: గింజలు ముక్కులో, చెవిలో దూర్చుకునే వయసు ఇది. మొదట్లో అనపగింజలు వాడేదాన్ని, ఒకడు ముక్కులో పెట్టుకున్నాడు. తడికి గింజ ఉబ్బుతుంది. పిన్నుతో, పుల్లతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. నోటితో గాలి పీల్చుకోమని చెప్పి నేరుగా ముక్కు, చెవి వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. చింతగింజ పెద్దది కాబట్టి కొంత మేలు, అయినా గిన్నె మీ చేతిలోనే ఉండాలి. గింజలు అసలే వద్దనుకుంటే రంగు కాగితపు ముక్కలు వాడవచ్చు, కానీ డబ్బాలో పడేటప్పుడు గింజ చేసే “టక్” అనే చప్పుడు వాటికి రాదు. పిల్లలు ఆ చప్పుడు కోసమే ఎదురుచూస్తారు.

7. శుక్రవారం పిడికెడు బియ్యం

డబ్బులు అడగకండి. డబ్బు తండ్రి జేబులోంచి వస్తుంది, పిల్లవాడికి దానితో సంబంధం ఉండదు. ప్రతి శుక్రవారం తన పిడికిలి పట్టినంత బియ్యం, తన చేతితో తీసుకుని రావాలి. ఆరేళ్ల పిడికిలిలో ఇరవై గ్రాముల దాకా పడుతుంది. 35 మంది ఉన్న తరగతిలో వారానికి 700 గ్రాములు, ఆరు శుక్రవారాలకు నాలుగు కిలోల పైన.

తరగతిలోనే బియ్యానికి కటకటపడే ఇళ్ల పిల్లలుంటారని మరవకండి. అందుకే డబ్బా నోటికి గుడ్డ కట్టి, మధ్యలో చేయి పట్టేంత రంధ్రం చేయండి. ప్రతి పిల్లవాడూ మూసిన పిడికిలి లోపల పెట్టి తెరిచి తీస్తాడు. లోపల బియ్యం పడ్డాయో లేదో ఎవరికీ కనిపించదు. ఖాళీ పిడికిలితో వచ్చిన బిడ్డ కూడా తలెత్తుకునే వెళ్తాడు.

కిలో పొట్లాలు పంపే తల్లులుంటారు. నవ్వుతూ తిప్పి పంపండి, లేకపోతే వచ్చే వారం రెండు కిలోలు వస్తాయి. సన్న బియ్యం, రేషన్ బియ్యం కలిసిపోతే ఒకటి ఉడికి ఒకటి పలుకుగా ఉంటుంది కాబట్టి పొంగలికి, జావకు, పిండికి పనికొస్తాయని తీసుకునేవారికి చెప్పండి. ఇడ్లీకి వాడే ఉప్పుడు బియ్యం విడిగా తీయండి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేయండి. మీ విచారణలో (చర్చి పరిధిలో) పేదలకు సాయం చేసే విన్సెంట్ ది పాల్ సంఘం ఉంటే వాళ్లకు, లేదంటే దగ్గరి వృద్ధాశ్రమానికి ఇవ్వండి. పిల్లలను వరుసగా నిలబెట్టి, తీసుకునేవాళ్లతో ఫోటోలు తీయకండి.

8. శుక్రవారం సిలువ మార్గం

సిలువ మార్గం అంటే యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా, అంటే ఘట్టాలుగా, తలచుకునే ప్రార్థన. చిన్న పిల్లలకు ఆ పద్నాలుగూ వద్దు. నాలుగు (తల్లిని కలవడం), ఐదు (కురేనియ సీమోను సాయం), ఆరు (వెరోనికమ్మ ముఖం తుడవడం), ఎనిమిది (యెరూషలేము స్త్రీలు), పద్నాలుగు (సమాధి) చాలు. వారానికి ఒకటి. ఆరో శుక్రవారం పిల్లలనే చెప్పమనండి. రక్తం కారే బొమ్మలు, సినిమా దృశ్యాలు చూపించకండి. చూసిన పిల్లలకు రాత్రుళ్లు నిద్ర పట్టదు, వాళ్లకు గుర్తుండేది కొరడా మాత్రమే, సీమోను గుర్తుండడు.

ఐదో స్థలానికి, ఒకరు మోయలేని పుస్తకాల కట్టను ఇద్దరితో మోయించండి. ఆరో స్థలం నాకు చాలా ఇష్టం. వెరోనికమ్మ సంగతి సువార్తల్లో లేదు, సంప్రదాయంగా వచ్చింది. అయినా పిల్లలకు ఇంతకంటే బాగా అర్థమయ్యే స్థలం లేదు. ఆట విరామం అయ్యాక, చెమటతో ఎర్రబడి వచ్చినప్పుడు జంటలుగా కూర్చోబెట్టండి. ఎవరి గుడ్డ ముక్క వాళ్లదే. దాన్ని శుభ్రమైన నీళ్లలో తడిపి, పిండి, పక్కవాళ్లకు ఇస్తారు. పక్కవాళ్లు వీళ్ల గుడ్డతోనే వీళ్ల ముఖం తుడుస్తారు. ఒకరి గుడ్డ ఇంకొకరికి వాడితే కళ్లకలక అంటుకుంటుంది, ఇక్కడ ఏమరకండి. తాకితే ఇష్టపడని పిల్లలుంటే గుడ్డ చేతికిచ్చి తమ ముఖం తామే తుడుచుకోనివ్వండి.

కిందటిసారి ఒక అమ్మాయి పక్కపిల్ల నుదురు తుడిచింది, చెంపలు తుడిచింది, చెవుల వెనక కూడా తుడిచింది. ఆఖరికి గౌను అంచు పైకెత్తి, అవ్వ కొంగుతో అద్దినట్టు ఆ ముఖాన్ని మెల్లగా అద్దింది. ఆ రోజు నేను కథ చెప్పకుండానే పాఠం ముగించాను.

9. వేరుశనగ గింజ

ఈస్టర్‌కు రెండు వారాల ముందు సోమవారం విత్తండి. యోహాను సువార్త 12వ అధ్యాయంలో భూమిలో పడే గోధుమ గింజ మాట ఉంది. మన పిల్లలు పొలంలో చూసేది వేరుశనగ కాబట్టి అదే తీసుకోండి.

కళ్లున్న వైపు కొబ్బరి చిప్ప అయితే మెత్తని కన్నును మేకుతో పొడిస్తే నీరు దిగడానికి రంధ్రం అవుతుంది. రెండో సగానికి రంధ్రం పెట్టడం కష్టం, వదిలేయండి. ఎర్రమట్టిలో కొంచెం ఇసుక కలిపి నింపండి. కాయలు ముందు రోజే ఒలవాలి, గింజ మీది ఎర్రపొట్టు ఊడకూడదు. చిప్పకు రెండు గింజలు, వేలి మొదటి కణుపు లోతున. రోజుకు రెండు చెంచాల నీళ్లు.

రోజూ తవ్వి చూస్తారు, అదే పెద్ద తప్పు. దానికి మందు: ఒక గాజు గ్లాసు గోడకు, తడి గుడ్డకు మధ్య నాలుగు గింజలు పెట్టి మీ బల్ల మీద ఉంచండి. వేరు రావడం అందులో చూస్తారు, చిప్పల జోలికి పోరు. వేయించిన గింజలు విత్తి ఎదురుచూసిన టీచర్లను చూశాను, కాబట్టి ఇంటి నుండి తెచ్చిన గింజలు పచ్చివో కావో అడగండి. శనివారం ఇంటికి వెళ్లే ముందు చిప్పల కింద తడి గోనెసంచి పరచండి. అయినా కొన్ని మొలవవు. మీరు విడిగా పది చిప్పలు విత్తి ఉంచి, మొలవని పిల్లలకు దాచకుండా చెప్పి ఇవ్వండి. రాత్రికి రాత్రి మార్చేస్తే పిల్లలు కనిపెడతారు.

10. మ్రానికొమ్మల ఆదివారం, పవిత్ర గురువారం

కొబ్బరాకు ఈనె తీసి, రెండు పాయలను అడ్డంగా నిలువుగా పెట్టి దారంతో కట్టిస్తే సిలువ అవుతుంది. ఆకు అల్లే పద్ధతులు ఈ చేతులకు రావు. ఈనెలు గుచ్చుకుంటాయి, మీరే ముందుగా తీసి తెచ్చుకోండి. ఈతమట్టలు వద్దు, ముళ్లుంటాయి.

గురువారం కాళ్లు కడగడం గురించి గట్టిగా చెబుతాను. పిల్లలతో పిల్లల కాళ్లు కడిగించకండి. ఎవరు ఎవరి కాళ్లు పట్టుకున్నారన్న మాట మన ఊళ్లలో ఇంటికి చేరేసరికి కులం రంగు పూసుకుంటుంది, నొప్పి పిల్లలకు మిగులుతుంది. ప్రభువు గురువై ఉండి శిష్యుల కాళ్లు కడిగాడు, కాబట్టి కడగవలసింది టీచరే. పన్నెండు మందిని ఎంచుకోకండి. అందరివీ కడగండి, లేదా ఎవరివీ వద్దు. టీచర్ తమ కాళ్లు ముట్టుకుంటే పాపమని వెనక్కి లాగే పిల్లలకు, ఇంటికి వచ్చిన చుట్టానికి కాళ్లకు నీళ్లిచ్చే అలవాటు గుర్తుచేయండి. అయినా వద్దంటే చేతుల మీద నీళ్లు పోసి తువ్వాలు ఇవ్వండి.

11. ఈస్టర్ తర్వాత బడి తెరిచిన రోజు

పెట్టె తీసి అల్లెలూయ కాగితం గోడకు అంటించండి. చింతగింజలను పదేసి కుప్పలుగా పోయించి లెక్కపెట్టించండి, లెక్కల పాఠమూ అవుతుంది. వచ్చిన సంఖ్య తరగతి మొత్తానిది. “నావి ఎన్ని” అని ఎవరైనా అడిగితే తెలియదనే చెప్పండి, నిజంగానే మీకు తెలియదు. మొలకెత్తిన చిప్పలు ఇంటికి పంపండి.

పని కుదిరిందో లేదో ఎలా చూడాలి

ప్రశ్నపత్రం ఇవ్వకండి. మూడు చోట్ల చూడండి. మొదటిది, నాలుగో వారంలో రోజువారీ గింజల సంఖ్య. ఎప్పుడూ తరగతి మొత్తానికి సమానంగా ఉంటే పిల్లలు అలవాటుగా వేస్తున్నారని అర్థం, కళ్లు మూసుకునే అర నిమిషాన్ని ఒక నిమిషం చేయండి. కొంచెం తగ్గుతూ పెరుగుతూ ఉంటే బాగా నడుస్తోంది. రెండోది, ఆట విరామం. ఎవరైనా పడినప్పుడు “టీచర్, వీడు పడ్డాడు” అని అరిచేవాళ్లు ఎంతమంది, ముందు లేపేవాళ్లు ఎంతమంది? మూడోది ఇల్లు. “మీ బిడ్డ కొత్తగా ఏమైనా చేస్తోందా” అని తల్లులను అడగండి. సిలువ మార్గం గురించి చెప్పిందని ఒకరిద్దరు అంటారు. చెప్పకుండా చెల్లికి నీళ్లు ముంచి ఇస్తోందని చెప్పే తల్లి మాటను ఎక్కువగా పట్టించుకోండి.

పక్షుల మూకుళ్లు వేసవి సెలవుల దాకా ఉంచండి. రెండు రోజులకోసారి పీచుతో రుద్ది కడగకపోతే దోమ లార్వాలు చేరతాయి. చింతగింజల డబ్బాను కడిగి ఎండబెట్టి, మూత మీద వచ్చే విభూది బుధవారం తేదీ రాసి బీరువాలో పెట్టండి: 2027 ఫిబ్రవరి 10.